ఉత్తగా వచ్చిన అక్షరాలు

ఆ రోజుల్లో కంప్యూటర్ ఏది అడిగినా ‘సరే’ అని నొక్కడమే తెలివి అనుకునేదాన్ని. డిగ్రీ కాగానే మెట్‌పల్లిలో చాచా డీటీపీ షాపులో చేరాను. (చాచా నాకు చుట్టమేమీ కాదు, బజారు మొత్తానికీ చాచాయే.) పెళ్లికార్డులే మాకు బువ్వ. పదేళ్లుగా చేసిన ప్రతి కార్డూ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండేది. పెద్దకొడుకు పెళ్లి చేసినవాళ్లు చిన్నవాడి పెళ్లికి వచ్చి, "పోయినసారి కార్డే తియ్యి బిడ్డా, పేర్లు మార్చు" అనేవారు. మేనమామలు, బావలు వరుస తప్పకుండా అందులోనే ఉండేవారు. వరుస తప్పితే అలిగే చుట్టాల వల్లే మా షాపు నడిచేదని నా అనుమానం.

నాకేమో కొత్త అక్షరాల మోజు. నెట్‌లో ఎవరో రెండు వందల తెలుగు ఫాంట్లు ఉత్తగా ఇస్తామన్నారు, ముందు యాంటీవైరస్ ఆపమన్నారు. ఆపాను. ఇది ఎవరు చేసిందో తెలియదు, ఎక్కించాలా అని కంప్యూటర్ పాపం రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సరే అన్నాను. గంట తిరగకముందే కార్డులన్నిటికీ తాళం పడింది, తీయాలంటే డబ్బు పంపమని తెర మీద బెదిరింపు. ముహూర్తాలు చూస్తే పది రోజుల్లో ఉన్నాయి.

"ఉత్తగనే వచ్చింది గద చాచా," అన్నాను ఏడుస్తూ.

"పిల్లనిచ్చేటోళ్లు ఏడు తరాలు అడుగుతరు బిడ్డా. నువ్వు దీని ఊరు పేరు అడగకుండనే ఇంట్లకు రానిచ్చినవు," అన్నాడు చాచా. అంతకుమించి తిట్టలేదు. రెండు చాయ్‌లు తెప్పించి నన్ను తాగమన్నాడు. తనది అలాగే చల్లారిపోయింది. చివరికి, "ఫికర్ చెయ్యకు. పసుపు పెట్టిన మొదటి కార్డు అందరు దాస్తరు. పోయి తీసుకరా," అన్నాడు.

ఆటోల్లో ఊరూరా తిరిగాను. కార్డు ఊరికే ఇస్తారా? కూర్చోబెట్టి పెళ్లి మొత్తం చెప్పేవారు. ఒక అవ్వ అయితే, "గీ కార్డుల మా మరిది పేరు కిందికి ఏసిన్రు. గందుకే బువ్వ తినకుండ పోయిండు," అని ఆ పాత పాపం కూడా నాకే అంటగట్టింది. (ఆ పెళ్లినాటికి నేను ఏడో తరగతి.) పసుపంటిన వేళ్లతో అన్నీ మళ్లీ కొట్టాను. అయినా సగం పెళ్లిళ్లు పక్క షాపుకు పోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఆదిలాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. తెలియనివి ఎక్కించకండని చెప్పి చెప్పి అలిసిపోయాను. నిన్న పెద్ద గుమాస్తా గారు తాళం పడ్డ తెర ముందు కూర్చుని, "ఉత్తగనే వచ్చింది గద మేడం," అన్నారు. తిట్టబోయి, ఆనాటి పిల్ల గుర్తొచ్చి నవ్వుకున్నాను. రెండు చాయ్‌లు తెప్పించాను. ఆయన తాగారు. నాది చల్లారిపోయింది.