దిగేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు

ఇంజెక్షన్ సూదుల ఫ్యాక్టరీలో ఆవిడ పని గుచ్చడం. పద్దెనిమిదేళ్లుగా అదే. పెట్టెకో సూది తీయాలి, చట్రానికి బిగించిన పల్చటి రబ్బరులోకి మెషిన్‌తో దించాలి, దిగడానికి ఎంత బలం పట్టిందో తెర మీద అంకె చూసి రాసుకోవాలి. అంకె తక్కువైతే సూది పదును, ఎక్కువైతే మొద్దు. తోటివాళ్లు ఆవిడను రబ్బరక్క అనేవారు. చుట్టాలకు మాత్రం ఆవిడ "క్వాలిటీ డిపార్ట్‌మెంట్" అని చెప్పుకునేది.

చేరిన కొత్తలో, మెషిన్ రాకముందు, సూది మొనను దూది మీద మెల్లగా లాగి చూసేది. మొన వంగి ఉంటే పోగులు పట్టుకునేవి. మెషిన్ వచ్చిన రోజు మేనేజరు ఆ పద్ధతి అశాస్త్రీయమని తేల్చాడు. మిగిలిన దూది కట్ట ఆయన కారు అద్దాలు తుడవడానికి శాస్త్రీయంగా ఉపయోగపడింది.

ఇంట్లో రబ్బరక్క అత్తగారికి షుగరు. రోజుకు రెండుసార్లు పొట్ట మీద ఇన్సులిన్ పొడవాలి. ఫ్యాక్టరీ తన ఉద్యోగులకు ఉదారంగా ఇచ్చే సూదులే వాడేవారు. మెషిన్‌ను ఏటా ఎవరో ఒకరు వచ్చి సరిచూసి వెళ్లాలి. అత్తగారికి ఆ అవసరం ఎన్నడూ రాలేదు. ఎవరైనా తనను సరిచూడగలరన్న అనుమానమే ఆవిడకు లేదు.

ఒక ఉదయం అత్తగారు చీర సర్దుకుంటూ, "ఏమే, ఈ సూదికేమొచ్చింది?" అంది.

"మొద్దుగా ఉందా అత్తయ్యా?"

"దిగేటప్పుడు వెన్నలా దిగుతోంది. వచ్చేటప్పుడే పీక్కుని వస్తోంది."

"అదెలా?"

"నన్నడుగుతావేంటి? సూదులు చేసేది మీరు, పొడిపించుకునేది నేను."

మర్నాడూ అదే మాట. మూడో రోజు రబ్బరక్క ఇంట్లో వాడుతున్న కొత్త బ్యాచ్ పెట్టెలోంచి ఒక సూదిని ఫ్యాక్టరీకి తీసుకెళ్లి భూతద్దం కింద పెట్టింది. మొన గాలంలా సన్నగా వెనక్కి తిరిగి ఉంది. మెషిన్‌కిచ్చి గుచ్చితే అంకె బ్రహ్మాండంగా వచ్చింది. రాదా మరి. సూది లోపలికి వెళ్లడమే దానికి తెలుసు. బయటికి రావడం దాని ఉద్యోగం కాదు.

ఆవిడ మేనేజరు గదికి వెళ్లింది.

"సార్, కొత్త బ్యాచ్ బాలేదండి."

"మెషిన్ ఏమంటోంది?"

"బాగుందంటోంది సార్."

"మరి బాలేదని ఎవరన్నారు?"

"మా అత్తయ్య."

మేనేజరు కళ్లజోడు తీసి జాలిగా చూశాడు. "అత్తగార్లకు ఏది బాగుంటుందమ్మా?" గదిలో ఉన్న మరో ఇద్దరు ఉద్యోగులూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ గదిలో నవ్వడం ఆవిడకు పద్దెనిమిదేళ్ల అలవాటు. బయటికొచ్చాక మాత్రం చెవులు వేడెక్కిపోయాయి.

వారం తిరక్కుండా కొనుగోలుదారులు వచ్చారు. మేనేజరు వాళ్లకోసం బెలూన్ల విద్య నేర్చుకొచ్చాడు. ఉబ్బిన బెలూన్‌ను సూదితో పొడిస్తే, బిగిసి ఉన్న రబ్బరు చిరుగును క్షణంలో అటూ ఇటూ లాగేస్తుంది, టప్పుమంటుంది. అదే చోట పారదర్శకమైన టేపు అంటించి పొడిస్తే టేపు ఆ చిరుగును పట్టుకుని ఆపుతుంది, పేలదు. మా సూది ఎంత మృదువో చూడండి అని చెప్పాలని ఆయన పథకం. టేపు సంగతి చెప్పాలని ఆ పథకంలో లేదు. బెలూన్లు ఊదే పని మటుకు క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌దే అయింది.

"సార్, పాత పెట్టెలో సూది తీసుకోండి," అంది రబ్బరక్క, బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదుతూ.

"వాళ్లొచ్చింది కొత్త బ్యాచ్ కొనడానికేనమ్మా."

సూది లోపలికి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు అక్కడితో ఆగితే ఆయన మేనేజరు ఎందుకవుతాడు? చిన్న రంధ్రం చూపిద్దామని సూదిని వెనక్కి లాగాడు. సూదితోపాటు టేపూ లేచొచ్చింది. టప్పుమన్న చప్పుడుకు ఒకాయన టీ చొక్కా మీద పోసుకున్నాడు.

"బెలూన్ నాసిరకం," అన్నాడు మేనేజరు. రెండోదీ నాసిరకమే. మూడోదానికి వచ్చేసరికి మాట మార్చి గాలి ఎక్కువైందన్నాడు.

వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ అడిగింది. "లోపలికి బాగానే వెళ్తోంది కదండీ. తీసేటప్పుడే ఎందుకు పేలుతోంది?"

మేనేజరు మెషిన్ వైపు చూశాడు. మెషిన్ పలకలేదు. రబ్బరక్క గోడకున్న ప్రథమచికిత్స పెట్టె తెరిచి కాస్త దూది తీసి, సూది మొనను దాని మీద లాగి పెద్దావిడకు అందించింది. మొనకు తెల్లటి పోగు వేలాడుతోంది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, పక్కవాళ్లకిచ్చింది.

బ్యాచ్ మొత్తం ఆగిపోయింది. కమిటీ వేశారు. సూది బయటికి వచ్చేటప్పుడు కూడా పరీక్షించాలని నలభై పేజీల్లో కనిపెట్టారు. లోపాన్ని సకాలంలో బయటపెట్టే ప్రదర్శన నిర్వహించినందుకు మేనేజరుకు పై పదవి దొరికింది. మొదట గమనించిందెవరని కమిటీ అడిగితే రబ్బరక్క ఉన్న మాటే చెప్పింది. రాసుకునే గుమస్తాకు అత్తగారు అని రాయడం బాగోలేదేమో, "బయటి నిపుణురాలు" అని రాశాడు.

నెల తర్వాత నిపుణురాలిని ఫ్యాక్టరీ సందర్శనకు ఆహ్వానిస్తూ ఉత్తరం వచ్చింది. అత్తగారు రెండుసార్లు చదివించుకుని వింది.

"కారు పంపుతామని రాశారా?"

"లేదత్తయ్యా."

"పొడిపించుకుందీ నేనే, నడిచి వెళ్లేదీ నేనేనా? రానని రాయి."

రబ్బరక్క తెల్లకాగితం తీసుకుంది. నిపుణురాలు ప్రస్తుతం ఇతర పరిశీలనల్లో తలమునకలై ఉన్నారని రాసి, కింద అత్తగారి చేత సంతకం పెట్టించింది.