రెడ్డెమ్మ టీచరు వెతికిన పిల్ల

మదనపల్లె మార్కెట్ యార్డు పక్కగా బస్సు పోతుంటే, నలిగిన టమోటాల పులిసిన వాసన కిటికీలోంచి లోపలికి కొట్టింది. పక్క సీటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు రెడ్డెమ్మ టీచరు గుర్తొచ్చారు.

పుంగనూరు దగ్గరి ఒక హైస్కూల్లో నేను కొత్తగా టీచరుగా చేరినప్పుడు ఆమె అక్కడ లెక్కల టీచరు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. పాఠం మధ్యలో పిల్లల ముఖాలు చూసి, అర్థం కాలేదని వాళ్లకంటే ముందే కనిపెట్టి, మళ్లీ మొదటినుంచి చెప్పేవారు. కరోనా వచ్చి బడి మూతపడ్డాక ఆ ముఖాలు లేకుండా పోయాయి. పాఠాలు ఫోన్లో పంపమన్నారు. ఖాళీ గదిలో బోర్డు ముందు ఆమె నిలబడితే నేను వీడియో తీసేదాన్ని.

“ఎవురి మొగం సూసి చెప్పేదమ్మా?” అన్నారు మొదటిరోజు.

“నన్ను చూసి చెప్పండి టీచర్.”

“నీకు వచ్చు కదా ఈ లెక్క,” అని నవ్వారు.

మొదట్లో పిల్లలు బాగానే చూశారు. జవాబులు తమ గొంతుతో రికార్డు చేసి పంపేవారు. అందరికంటే ముందు తొమ్మిదో తరగతి భవాని గొంతు వినిపించేది. రానురాను చూసేవాళ్లు తగ్గారు. ఆమె పాఠాలు చిన్నవి చేశారు. డ్రిప్పు పైపులు పరిచి సరళరేఖలు చూపారు, ముగ్గులు వేసి కోణాలు చెప్పారు. “ఒరే మునెప్పా, నిద్ర పోతాండావా?” అని వీడియోలోనే గదమాయించారు. ఆ పూట మునెప్ప ఒక్కడే నవ్వుబొమ్మ పంపాడు. మర్నాడు అదీ లేదు. చివరికి భవాని గొంతు కూడా ఆగిపోయింది.

భవాని పనికి పోతోందని తెలిసి, ఇద్దరం నా స్కూటీ మీద మదనపల్లె మార్కెట్టుకు వెళ్లాం. భవాని తల్లి పక్కన కూర్చుని టమోటాలు ఏరుతోంది. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుంటూ లేచింది.

“యాల పాపా, పాఠాలు సూడ్డం లేదు?”

తల్లి అందుకుంది. “ఫోను వాళ్ల నాయనతో పోతాది టీచరమ్మా. ఆయప్ప వచ్చేసరికి ఈ పిల్ల నిద్ర పోయుంటాది.”

భవాని తల వంచుకునే అంది: “కొన్ని సూసినా టీచర్. నాకు అర్థం కాలేదని ఆడికాడికే ఫోనుతో చెప్తా ఉన్నా. మీకు ఇనపడదు కదా. మీరు పక్క లెక్కకు పోతానే ఉండారు.”

రెడ్డెమ్మ టీచరు ముఖం వాడిపోయింది. ఆ పిల్ల పక్కనే గోతం మీద కూర్చుని, అర్థం కాని ఆ లెక్క మొదటినుంచీ చెప్పారు. భవాని “ఓ, ఇంతేనా!” అంది. అంతలో మేస్త్రీ కేకేశాడు. పిల్ల మళ్లీ పండ్లమీదకి వంగింది.

బడి తెరిచారు. భవాని రాలేదు. ఇంటికి వెళ్తే తాళం కనిపించింది. బెంగళూరుకు పనికి పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. అక్కడ ఎక్కడుంటారో వాళ్లకూ తెలియదు. తిరిగొచ్చిన పిల్లలు బోర్డువైపు చూస్తున్నా చూపులు ఎక్కడో ఉండేవి. టీచరు గొంతు తగ్గిపోయింది. “ఇన్నాళ్లూ పిల్లోళ్లకు చెప్పలేదమ్మా. ఫోనుకు చెప్పినాను,” అన్నారొకసారి స్టాఫ్ రూములో. ఆ ఏడే రిటైరయ్యారు. నేను ఎప్పుడు ఇంటికెళ్లినా, కూర్చోమనకముందే, “ఆ పిల్ల యాడన్నా కనిపించిందా?” అని అడిగేవారు. ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడూ అదే అడిగారు. కనిపించిందని ఒక్క అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

ఇప్పుడు నేను కుప్పంలో ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసేచోట పనిచేస్తున్నాను. పిల్లలు మధ్యలో వదిలిపోకుండా పాఠాల్లో గంట మోతలు, నక్షత్రాలు, ఆటలు కలుపుతాం. చూసేవాళ్లు పెరిగారని తోటివాళ్లు సంబరపడితే నేనూ తలూపుతాను.

పొద్దున్నే కుప్పం స్టేషన్లో బెంగళూరు బండి కోసం పనులకు పోయే ఆడపిల్లలు గుంపులుగా నిలబడి ఉంటారు. నా దారి అటు కాదు. అయినా ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి ఒక్కొక్కరి ముఖమూ చూస్తాను. భవాని పెద్దదై ఉంటుంది, ఎదురుగా వచ్చినా గుర్తుపట్టలేనేమో. గుర్తుపట్టినా, పోయి చెప్పడానికి రెడ్డెమ్మ టీచరు లేరు. బండి కదిలిపోయేదాకా చూస్తూనే ఉంటాను.