ఊదా అక్క చూపు

మా ల్యాబులో ఆమెను అందరూ ఊదా అక్క అనేవారు. గాజు పలకల మీద బ్యాక్టీరియాకు రంగులేసి, మైక్రోస్కోపులో చూసి, అదేమిటో చెప్పడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. ఆ ఊదారంగు వేళ్లకు పట్టేసి ఎంత తోమినా వదిలేది కాదు. "నేనిచ్చిన కాఫీ కూడా మా ఆయన అనుమానంగా చూస్తాడు బాబూ," అని పకపకా నవ్వేది.

నేను పొలం మట్టిలోంచి ఒక బ్యాక్టీరియాను తీసి గాజు ప్లేటులో పెంచాను. అది బాసిల్లస్ అనే రకమైతే రంగేశాక ఊదాగా కనిపించాలి, కాకపోతే గులాబీగా. కానీ ప్లేటు నిన్నటిదై ఉండాలి. పాతబడితే బాసిల్లస్‌కూ ఊదా నిలవదు, గులాబీకి తిరుగుతుంది. ఇది తెలిసి కూడా, ఒళ్లు బద్ధకించి, నాలుగు రోజుల నాటి ప్లేటు ఆమె చేతిలో పెట్టాను.

"కడ్డీలున్నాయి, మధ్యలో బీజాలున్నాయి. అచ్చం బాసిల్లస్సే. రంగు మాత్రం గులాబీ. ఇది నిన్నటిదేనా బాబూ?"

"నిన్నటిదే అక్కా."

"నువ్వన్నావంటే నిన్నటిదే," అని గులాబీ అనే రాసింది.

బాసిల్లస్ దొరికిందని మా ల్యాబు పెద్దసారు అప్పటికే ఊరంతా చాటేశాడు. ఆ కాగితం చూసి మండిపడి, నన్ను మళ్లీ చేయమన్నాడు. నేను గుట్టుగా తాజాది పెంచి రంగేశాను. సారు అందరి ముందూ ఆ పలక ఆమెకు చూపించాడు.

"ఇదేం రంగు?"

"ఊదా సార్."

"మరి మొన్న గులాబీ ఎలా అయిందమ్మా? కళ్లు పోతే ఇంట్లో కూర్చో, మా కొంప ముంచకు!"

అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. నా ఉద్యోగం కొత్తది, నిజం చెబితే ఊడిపోతుంది. ఏం, మీరైతే చెప్పేవారా?

ఆ పూటే ఆమెను సీసాలు కడిగే గదికి పంపి, ఆమె స్టూలు నాకిచ్చారు. కళ్ల డాక్టరు చూపు బాగానే ఉందన్నాడట. అక్క నమ్మలేదు. డాక్టరు పొరబడొచ్చు గానీ నేను అబద్ధమాడనని ఆమె లెక్క! అప్పట్నుంచి సీసా మూత ఏ రంగో కూడా ఎవరినో ఒకరిని అడిగి గానీ పెట్టేది కాదు.

రెండు నెలలు గడిచాక, నేను సీసాల కోసం వెళితే కుళాయి కట్టేసి తడి చెయ్యి నా ముందుకు చాచింది.

"బాబూ, ఊదా పోయిందా, లేక నాకే కనబడట్లేదా? నువ్వైతే సరిగ్గా చెబుతావు."

వేళ్లు సబ్బుకు నాని పాలిపోయి ఉన్నాయి.

"పోయిందక్కా," అన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను ఆమెకు చెప్పిన నిజం అదొక్కటే.