హద్దురాయి కింద బొగ్గులు

నాకు పగ ఎక్కువ. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను. చిన్నప్పుడు నా పలక పగలగొట్టిన పిల్లతో నేను ఏడో తరగతి దాకా మాట్లాడలేదు. మా అమ్మ అది చూసి "గీ పిల్లది పాము పగ, దీన్ని చేసుకునేటోడు ఎవడో పాపం" అని నవ్వేది. చివరికి ఆమె గోరీని కాపాడింది ఆ పాము పగే.

మాది కేతేపల్లి దగ్గర ఒక ఊరు. గొర్లు కాసుకునే ఇల్లు. బాపుకు వంద గొర్రెల మంద, రెండున్నర ఎకరాల రాళ్ల చెలక ఉండేవి. మా ఇంట్లో నెల జీతం తీసుకున్న మొదటి మనిషిని నేను. ఊరి బడిలోనే సోషల్ చెబుతాను. మా చెలకను ఆనుకుని పటేలుగారి బత్తాయి తోట ఉంది. ముప్పై ఎకరాలు. అమ్మ పోయినప్పుడు ఆ తోట వైపు హద్దులో, మా తుమ్మచెట్టు కింద పూడ్చుకున్నాం. గొర్ల వెంట తిరిగి తిరిగి వచ్చి ఆమె రోజూ సద్ది తిన్న చోటు అదే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక పెత్రమాస నాడు, పెద్దలకు పెట్టుకోవడానికి అన్నం, గారెలు, అమ్మకు ఇష్టమైన చింతకాయ తొక్కు విస్తరిలో కట్టుకుని చెలకకు వెళ్లాను. తుమ్మచెట్టు ఉంది, గోరీ ఉంది, కానీ రెంటికీ నాకూ మధ్య కొత్త ముళ్లకంచె ఉంది. హద్దురాయి ఇరవై అడుగులు మా వైపు నడిచొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చుంది. పటేలు మోటారు గది దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. మాట్లాడడం అయ్యేదాకా ఆగి అడిగాను.

"పటేలా, మా అమ్మ గోరీ నీ కంచెల కెట్లొచ్చింది?"

"హద్దు సరిచేసిన టీచరమ్మా. పాత రాయి తప్పున్నది. అయినా ఏం పండుతది ఆడ? రాళ్లు, తుమ్మలు. నాకు బోరు ఏసుకోను జాగ కావాలె. రేటెంతనో చెప్పుమను మీ నాయినను, ఇచ్చేస్త."

"గది అమ్మకానికి లేదు."

"గట్లయితే గోరీని జర అటు జరుపుకోండ్రి. నాలుగు బొక్కలే గద."

బొక్కలంటే మా అమ్మ ఎముకలు. విస్తరిని కంచెకు ఇవతల పెట్టాను. కాకికి ముళ్లకంచె అడ్డం కాదు కాబట్టి అది తుమ్మచెట్టు మీంచి వచ్చి ముట్టింది.

ఇంటికొచ్చి చెబితే బాపు "ఊకో బిడ్డా, పెద్దోళ్లతోని మనకేంది" అన్నాడు. పటేలు బాపు కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. అయినా బాపును ఒరే అని పిలిచేవాడు. బాపు ఆ పిలుపుకు పలికేవాడు. నాకు పటేలు మీద కోపమా, పలికే బాపు మీద కోపమా అని కొన్నాళ్లు తేల్చుకోలేకపోయాను. రెండూ అని ఇప్పుడు చెప్పగలను.

మా ఊళ్లో పొద్దున పాలకేంద్రం దగ్గర అందరూ కలుస్తారు. పక్కనే హోటల్, హోటల్లో టీవీ. ఒకరోజు బాపూ నేనూ పాలు పోయించుకుంటుంటే టీవీలో కొత్త ముచ్చట వచ్చింది. అమెరికా వాళ్ల అధ్యక్షుడు గ్రీన్‌లాండ్ అనే పెద్ద మంచు దీవిని కొంటానంటున్నాడట. అందరూ నవ్వారు. ఇంత పెద్ద దీవికి రిజిస్ట్రేషన్ ఏ ఆఫీసులో చేస్తారని ఒకరు, గుంట భూమికి ఎంత పడుతుందని ఇంకొకరు. నవ్వనివాడు పటేలు ఒక్కడే. చాయ్ గ్లాసు పట్టుకుని తీర్పు చెప్పాడు.

"అడుగుడుల తప్పేంది? బలమున్నోడు అడుగుతడు. కర్ర ఉన్నోనిదే బర్రె. అయినా ఏం పండుతది ఆడ? మంచు. ఉన్నోళ్లు పిడికెడు మంది. పైసలు తీస్కొని సల్లగ ఉండరాదు?"

పాలు కొలిచే ఆయనకు వాదన అంటే ఇష్టం. కొలపాత్ర ఆపి "అమ్మేటోడు లేకుంటే కొనుడేంది పటేలా? మేం అమ్మం అంటున్నరట గద వాళ్లు" అన్నాడు.

"అమ్మనన్నోడు ఎన్ని దినాలంటడు? ఇయ్యాల కాకుంటే రేపు."

అవే మాటలు. ఏం పండుతది, రేటు చెప్పు. పటేలు గ్రీన్‌లాండ్ గురించి కొత్తగా ఆలోచించిందేమీ లేదు. మా చెలక మీద వాడిన మాటలనే సముద్రం దాటించాడు. నేను నోరు తెరవబోతే పాలాయన "కందకు లేని దురద కత్తిపీటకెందుకు టీచరమ్మా, పొండ్రి, బడి టైమయితాంది" అని నన్ను సాగనంపబోయాడు. అప్పుడు నా వెనక నుంచి బాపు గొంతు వినబడింది. పటేలు ముందు బాపు తనంతట తాను మాట్లాడడం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

"ఆడున్నోళ్ల గోరీలు ఏడున్నయట?"

పటేలు నవ్వాడు.

"గోరీలేందిరా ముసలోడా? మంచుల గోరీలుంటయా?"

"మనుషులున్నకాడ గోరీలుంటయి పటేలా" అని బాపు పాల క్యాన్ ఎత్తుకుని ఇంటి దారి పట్టాడు.

ఆ పొద్దున బాపు గొర్లను విడవలేదు. గడపలో కూర్చుని నన్ను పిలిచి, ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న మాట చెప్పాడు. మా తాత కాలంలో హద్దురాయి పాతేటప్పుడు ముందు గుంత తీసి, దాంట్లో గంపెడు బొగ్గులు, కుండ పెంకులు పోసి, దాని మీద రాయి నిలబెట్టేవాళ్లట. బొగ్గుకు చెద పట్టదు, ఎన్నేళ్లయినా కుళ్లదు. "రాయి నడుస్తది, బొగ్గు నడవది అనేటోడు మా నాయిన. పటేలు రాయిని ఎత్తుకపోయిండు. కిందికి తవ్వి చూడలే" అన్నాడు. పటేలు పట్నంలో చదువుకుని వచ్చిన మనిషి. కంచె నాటింది కూలోళ్లు. ఆయనకు తన భూమిని ఎప్పుడూ తన చేత్తో తవ్వే అవసరం రాలేదు.

ఇది ముందే ఎందుకు చెప్పలేదని నేను బాపు మీద అరిచాను. ఆ మధ్యాహ్నమే సర్వేకు దరఖాస్తు పెట్టాను. సర్వేయర్ వచ్చే రోజు బడికి సెలవు పెట్టి, ఇల్లిల్లూ తిరిగి ఊరందరినీ పిలిచాను. నాలుగు బొక్కలే గద అన్న మాటకు సాక్ష్యం లేదు. దాని శిక్షకైనా సాక్షులు ఉండాలని నా పట్టుదల.

సర్వేయర్ గొలుసు లాగి, కొలిచి, కొత్త రాయి మా వైపు వచ్చిందన్నాడు. పటేలు "కొలతల తేడా ఉంటది, పాత రాయి ఏడుండెనో ఎవలకెర్క" అన్నాడు. నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. బాపు చెప్పులు విడిచాడు. కంచె దాటి తుమ్మచెట్టుకు వీపు ఆనించి, తోట దిక్కు ఐదు అంగలు వేసి, చేతికర్ర నేలకు పొడిచి "ఈడ తవ్వుండ్రి" అన్నాడు. మోకాలి లోతులో పార నల్లబడింది. దోసిళ్ల కొద్దీ బొగ్గులు, వాటిలో ఎర్ర పెంకులు. కొత్త రాయి కింద కూడా తవ్వమని నేను పట్టుబట్టాను. అక్కడ ఎర్రమట్టి, ఒక గుట్కా ప్యాకెట్టు వచ్చాయి. ఊరు ఊరంతా నవ్వింది. నేను ఒక బొగ్గు ముక్కను కొంగున ముడేసుకున్నాను. అది ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది.

కంచె ఆ పూటే వెనక్కి పోయింది. ఇంకొకరైతే అంతటితో చల్లబడేవారు. నాకు చాలలేదు.

బత్తాయి తోటకు గొర్రె ఎరువు ప్రాణం. మందను తీసుకెళ్లి తోటలో కొన్ని రాత్రులు పండబెడితే, ఆ పెంటికలూ మూత్రమూ చెట్లకు ఇచ్చే బలం బస్తాలు ఇవ్వవు. మంద పెట్టేది మా వాళ్లే. నేను బాపు గొంగడి భుజాన వేసుకుని చుట్టూ ఊళ్లలో గొర్ల కాపరుల ఇళ్లకు తిరిగాను. ప్రతి గడపలో గొంగడి పరిచి, మా అమ్మను నాలుగు బొక్కలన్న సంగతి చెప్పి, నేను సరే అనేదాకా ఆ తోటలో మంద పెట్టేది లేదని దాని మీద చెయ్యి వేయించుకున్నాను. గొంగడి మీద చెయ్యేసి మా వాళ్లు మాట తప్పరు. ఎండాకాలం పాలమూరు వైపు నుంచి వలస వచ్చే మందలను కూడా వదల్లేదు; స్కూటీ మీద రోడ్డుకు ఎదురెళ్లి, కొత్తకోట దిక్కు నుంచి వచ్చిన ముసలి కాపరికి చాయ్ తాగించి అదే సంగతి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి "నువ్వు మా కులం పిల్లవే బిడ్డా, అనుమానం లేదు" అన్నాడు. అది నాకు బడిలో వచ్చిన మెప్పులన్నిటి కంటే ఎక్కువ.

బాపుకు ఇది నచ్చలేదు. "చెట్లేం జేసినయి?" అన్నాడు ఒకటికి రెండుసార్లు. నేను వినలేదు.

పటేలు లారీలతో పెంట తెప్పించాడు, మందులు పోయించాడు. బోర్లలో నీళ్లు కూడా తగ్గాయి. ఏడాదికేడాది ఆకు పసుపు పడుతూ, కాయ చిన్నబోతూ వచ్చింది. బడికి పోయే దారి తోట పక్కనుంచే. దగ్గరి దారి ఇంకొకటి ఉన్నా నేను రోజూ అటే వెళ్లి, ఎండిన కొమ్మలను చూసుకుని, హాయిగా పాఠం చెప్పుకునేదాన్ని.

కొన్నేళ్లకు టీవీలో గ్రీన్‌లాండ్ మళ్లీ వచ్చింది. ఈసారి హోటల్లో ఎవరూ నవ్వలేదు. కొనడమే కాదు, అవసరమైతే గుంజుకుంటారన్న మాటలు కూడా నడుస్తున్నాయి. పాలాయన కొలపాత్ర ఆపి "ఏమంటవు పటేలా, కర్ర ఉన్నోనిదే బర్రె అంటివి" అని గుర్తు చేశాడు. పటేలు జుట్టు నెరిసి ఉంది. టీవీ వంక చూడకుండా "ఎవని జాగ వానికుండాలె లే" అన్నాడు. నేను అది విని, ఇంకోసారి అనిపించుకోవాలని "ఏందన్నవు పటేలా, వినవడలే" అన్నాను. ఆయన చాయ్ సగంలో వదిలేసి పోయాడు.

ఆ వారమే మా ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"కాకా, ఒక్క పది దినాలు మంద పెట్టు. లేకుంటే తోట దక్కది."

ఒరే పోయి కాకా వచ్చింది. బాపు నా వంక చూశాడు. ఆ ఒట్టుకు తాళంచెవి నా దగ్గర ఉందని ఆయనకు తెలుసు.

మంద పెట్టిన మొదటి సాయంత్రం భూమి యజమాని తన చేత్తో అన్నం తెచ్చి, కాపరికి వడ్డించి, తినేదాకా ఎదురుగా కూర్చోవాలి. అది మా దగ్గర ఆనవాయితీ. పటేలు ఇంట్లో మాత్రం ఎన్నడూ జీతగాడే తెచ్చేవాడు, గట్టు మీద పెట్టి పోయేవాడు. నేను చెప్పాను: "నువ్వే తేవాలె పటేలా. మా అమ్మ గోరీ కాడ కూసొని నువ్వే వడ్డించాలె." ఆయన తలూపాడు.

పొద్దు గూకే వేళకు మంద తోటలో దిగింది. పటేలు టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచి వచ్చాడు, తుమ్మచెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు, బాపు పళ్లెంలో అన్నం, మటన్ కూర వడ్డించాడు. బాపు ఒక ముద్ద తిని "ఉప్పు తక్కువైంది పటేలా" అన్నాడు. పటేలు "తెస్త కాకా" అని లేవబోయాడు. నా గుండె ఎంత చల్లబడిందంటే, అమ్మ గోరీ మీద చెయ్యి పెట్టి "చూసినవా" అన్నాను పైకే.

అక్కడ ఆగిపోవాల్సింది. నా నోరు ఆగలేదు.

"అయినా ఏమున్నది పటేలా నీ తోటల? సగం ఎండింది. ఏం పండుతది ఇగ? రేటు చెప్పు, తీసుకుంట."

పటేలు నేల వంక చూశాడు. మెల్లగా ఒక రేటు చెప్పాడు.

బాపు చెయ్యి పళ్లెంలోనే ఆగింది. నా వైపు తిరగకుండా, తోట లోపల పాత బావి దిక్కు గడ్డం ఎత్తి చూపించాడు.

"గా బాయి పక్కన గోరీ ఎవలదో ఎర్కేనా బిడ్డా?"

నాకు తెలుసు. పటేలు వాళ్ల నాయినది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. బాపు సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు, గొంగడి తీసుకుని గొర్ల దగ్గరికి పోయాడు. ఆ గోరీకి సున్నం వేసి ఎన్నో ఏళ్లయినట్టుంది. కిందంతా గడ్డి మొలిచింది. పటేలు చెప్పిన రేటు నాకు ఇప్పటికీ గుర్తుంది.