మెట్లు లేని వార్త

మార్కెట్టు గుమాస్తాలు ఆమెను ‘ధరలమ్మ’ అనేవారు. పన్నెండేళ్లుగా ఒక ఛానల్లో వీడియో జర్నలిస్టు. ఉల్లిపాయల ధర ఎందుకు పెరిగిందో, రేవులో సరుకు ఎందుకు ఆగిందో, అద్దెలు ఎందుకు ఆకాశాన్నంటాయో తనే చిత్రీకరించి, తనే గొంతు ఇచ్చి, వడ్డీ రేటంటే తెలియనివాళ్లకు కూడా బోధపడేలా చెప్పేది. ఈ విద్యంతా నేర్పింది బిజినెస్ డెస్కు పెద్దాయన. చేరిన కొత్తలో కెమెరా వణుకుతుంటే మోచేతిని పక్కటెముకలకు ఆనించి పట్టుకోమన్నది ఆయనే. ఆమె ఆయన్ని ‘అన్నా’ అని పిలిచేది. అది పైపై మర్యాదకు పిలిచిన పిలుపు కాదు.

ఒక వేసవిలో ఊరి చివర కొత్త అపార్టుమెంటు మీద ఒక కథనం చేసింది. నీటి కనెక్షన్ రాకముందే, లిఫ్టు బిగించకముందే బిల్డరు కొన్నవాళ్ల చేతిలో తాళాలు పెట్టేశాడు. ఐదో అంతస్తులో ఉండే ముసలి దర్జీ, ఆయన భార్య రోజూ కింద ట్యాంకరు దగ్గర నీళ్లు పట్టుకుని డబ్బాలు మోసుకుంటూ ఎక్కుతున్నారు.

దర్జీ బాల్కనీలో నిలబడి, “నలభై ఏళ్లు అద్దె కొంపల్లో కుట్టాను తల్లీ. ఇప్పుడు నా గోడకి నేను మేకు కొట్టుకోవచ్చు” అని నవ్వాడు. కాసేపటికి నీళ్ల డబ్బాతో మెట్ల మీద కూలబడి ఆయాసపడుతూ, “కొడితే గోడ రాలుతోందనుకో” అన్నాడు.

“సొంత ఇల్లు దొరికింది, నీళ్లే దొరకలేదు” అని గొంతు ఇచ్చి ఆమె కథనాన్ని పెద్దాయనకు అప్పగించింది.

సాయంత్రం టీవీలో బాల్కనీ వచ్చింది, దర్జీ నవ్వు వచ్చింది. “సొంత ఇల్లు దొరికింది” అన్న ఆమె గొంతు అక్కడే తెగింది. డబ్బాలు లేవు, మెట్లు లేవు.

ఫోన్ చేస్తే పెద్దాయన, “టైము చాల్లేదమ్మా. మిగతాది ఇంకో రోజు వేద్దాంలే” అన్నాడు. నమ్మింది. ఆయన్ని నమ్మకుండా ఉండటం ఆమెకు అలవాటు లేదు.

మర్నాడు సంజాయిషీ చెప్పుకుందామని వెళితే దర్జీ గుమ్మంలోనే నిలబెట్టాడు.

“పొద్దున్నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. బిల్డరు మనిషి నీ వీడియో చూపించే అమ్ముతున్నాడు.”

“నేనిచ్చింది అది కాదు బాబాయ్. ఆఫీసులో కోసేశారు. మిగతాది వేస్తానని మా ఆఫీసు అన్న చెప్పాడు.”

“మీ ఛానల్ కార్లో వచ్చిన బట్టతలాయనేనా? పోయిన వారం బిల్డరే దగ్గరుండి చూపించాడు. కింద ఫ్లాటు తీసుకున్నాడు. తెలివైనవాడు, మెట్లెక్కే పని లేదు.”

ఆమె దిగివచ్చి చూసింది. కింది ఫ్లాటు తలుపు పక్కన అప్పుడే బిగించిన పలక మీద ఉన్నది పెద్దాయన భార్య పేరు. అక్షరం అక్షరం చదివింది.

ఆఫీసులో అడిగితే పెద్దాయన తల తిప్పలేదు. “నువ్వు తీసిందే వేశాను. ఒక్క ముక్క అబద్ధముందా?”

“మిగతాదేదీ అన్నా?”

“చెరిపేశారు.” తర్వాత గొంతు తగ్గించాడు. “నువ్వూ అద్దె ఇంట్లోనేగా ఉంటున్నావు. నీకూ ఒకటి మాట్లాడనా?”

కథనాన్ని కోసినదానికంటే ఆ మాట ఆమెను లోతుగా కోసింది. ఇన్నేళ్లూ తనలో ఆయన చూసింది ఇంతేనా అనిపించింది. గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

మరుసటి వారం అరువు తెచ్చుకున్న కెమెరాతో మళ్లీ అక్కడికే వెళ్లింది. దర్జీ మొహం తిప్పుకున్నాడు. ఆయన భార్య మాత్రం రెండు డబ్బాలు ఎత్తుకుని, “నేనేమీ మాట్లాడను. ఎక్కుతాను, తీసుకో. మధ్యలో ఆపకు” అంది.

ఆమె ఆపలేదు. ఐదంతస్తులూ ఒకే షాటు, ఏడు నిమిషాలు. గొంతు ఇవ్వలేదు. ఎక్కడా కోయకుండా తన పేరుతోనే నెట్‌లో పెట్టింది. దాన్ని పట్టుకుని ఆ ఇళ్లవాళ్లంతా నగరపాలక కార్యాలయం ముందు కూర్చున్నారు. నాలుగు నెలలకు కొళాయిలో నీళ్లొచ్చాయి. లిఫ్టు ఇంకా రాలేదు.

పెద్దాయన ఆ సీట్లోనే ఉన్నాడు. ఆమె ఇప్పుడు ఒంటరిగా తిరిగి, ధరల మీదా అద్దెల మీదా సొంతంగా వీడియోలు చేస్తోంది. ఎక్కడైనా లెక్క తెగకపోతే చెయ్యి తనంతట తానే ఆయన నంబరు మీదికి పోతుంది. ఫోను బోర్లించి పెట్టేసి, తెలిసేదాకా కాగితాలు మళ్లీ మొదటినుంచి చదువుకుంటుంది.