అవ్వ కొట్టిన బంతి

ఆదివారం బెంగళూరులో ఆఫీసువాళ్ల గోల్ఫ్ పోటీ. అరువు తెచ్చుకున్న కర్రతో ఈ సాయంత్రం గుడిబండలో మా ఇంటి వెనక కళ్లంలో ప్రాక్టీసు మొదలుపెట్టాను. బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని ఊపినా బంతి నాలుగు బారలు దాటలేదు. మంచం మీద కూర్చుని చూస్తున్న మా అవ్వకు ఓపిక పోయింది.

"చేతులతో కొడితే యాడికి పోతాదప్పా? రాగులు కొట్టేటప్పుడు ముందు కాలు ఊనల్ల, ఆపైన నడుము తిప్పల్ల. చేతులు వాటంతట అవే ఎనకాల వస్తాయి."

కర్ర లాక్కుని ఊపింది. బంతి లేచి పక్కింటి మిద్దె మీది సోలార్ హీటరు వైపు పోయింది. గాజు పగిలిన చప్పుడు వినబడింది.

పక్కింటాయన బయటికి వచ్చేసరికి కర్ర నా చేతిలో ఉంది, అవ్వ మంచం మీద ఉంది. ఆ వేగం ఏ నడుములోంచి వచ్చిందో మీరే చెప్పండి.