మొదటి గుండు ఎప్పుడూ పైకే

కెనడాలోని సార్నియాలో ఆరుగురు అమ్మాయిలం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆరుగురున్న ఇంట్లో ఒంటరితనమేమిటే, వేషాలు కాకపోతే, అని మా అక్క ఫోన్‌లో దెప్పేది. తనకేం తెలుసు! ఒకమ్మాయి వేర్‌హౌస్‌కి బయల్దేరే వేళకి ఇంకొకమ్మాయి వచ్చి పడుకునేది. ఫ్రిజ్‌లో ఎవరి గిన్నె మీద వాళ్ళ పేరు అంటించి ఉండేది. పేర్లు కనిపించేవి గాని మనుషులు కనిపించేవారు కాదు.

ఆ ఏడు ఊళ్ళోని కాలేజీకి మనవాళ్ళు వెల్లువలా వచ్చి పడ్డారు. బస్‌స్టాప్‌లో, లాండ్రీలో, కాఫీ షాపు ముందు రెజ్యూమెలు పట్టుకుని నిలబడ్డ లైన్లో, ఎక్కడ చెవి పెట్టినా తెలుగే. కానీ ఆగి మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. నాకు ఒక కాఫీ షాపు డ్రైవ్-త్రూలో, కారు దిగకుండానే కొనుక్కునే కిటికీ దగ్గర, పని దొరికింది. క్లాసులు పోగా నేను వారమంతా నోరు విప్పేది చెవికి తగిలించుకున్న హెడ్‌సెట్‌లోకే. ఏం కావాలి, ఇంకేమైనా కావాలా, ముందు కిటికీకి రండి. అదంతా ఇంగ్లీషులో, ముఖాలు కనపడని మనుషులతో.

అసలే నాది దురుసు నోరు. ఇండియాలో మా ఇంట్లో రోజంతా వాగుతూనే ఉండేదాన్ని కాబట్టి ఆ దురుసు పల్చబడిపోయి ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ రోజుల తరబడి నోరు మూసుకుని ఉండి, తీరా ఎవరైనా పలకరిస్తే మొదటి మాట కస్సుమని వచ్చేది. ఆ తరవాత ఎంత మెత్తగా మాట్లాడినా లాభమేముంది? అవతలివాళ్ళు అప్పటికే జారుకునేవారు.

అంకుల్ మాత్రం జారుకోలేదు. ఆయన్ని మొదట చూసింది తెలుగువాళ్ళు నెలకోసారి పెట్టుకునే ప్రార్థన కూడికలో. కాకినాడ మనిషి. వయసులో ఉండగానే ఇక్కడికి వచ్చి, పెట్రోకెమికల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆంటీ పోయి రెండేళ్ళయింది. ఒక్కతే కూతురు, మూడు గంటల దూరంలోని మిస్సిసాగాలో ఉంటుంది. ఏం చదువుతున్నావమ్మా అని ఆయన అడిగితే, "ఇన్‌స్ట్రుమెంటేషన్. చదివి ఏం ఒరగబెట్టాను, కాఫీలు పోస్తున్నాను" అన్నాను. పక్కనున్న ఆంటీలు ముఖాలు తిప్పుకున్నారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అయితే రెగ్యులేటర్ విప్పడం వచ్చన్నమాట" అన్నారు.

ఆ రెగ్యులేటర్ ఒక ఎయిర్ రైఫిల్‌ది. తుపాకీ అనగానే నేను హడలిపోయాను గాని, అది అట్టముక్క మీద గీసిన గుండ్రాలకు గురిపెట్టి కొట్టే ఆట వస్తువు. ఆయనకు లైసెన్సుంది, క్లబ్బులో సభ్యత్వముంది. దాని సిలిండర్‌లో గాలి బాగా దట్టించి ఉంటుంది. ప్రతి గుండుకీ ఆ గాలిని ఒకే ఒత్తిడితో, సమంగా వదిలే బాధ్యత రెగ్యులేటర్‌ది. కంపెనీవాళ్ళు పెట్టిన ఒత్తిడి బేస్‌మెంట్‌లో కాల్చుకోవడానికి మరీ ఎక్కువైందని అంకుల్ దాన్ని విప్పి, లోపలి చిన్నచిన్న గిన్నెల్లాంటి వాషర్లను వేరే వరసలో పేర్చి, తనకు కావలసినట్టు తగ్గించుకున్నారు. అప్పటినుంచీ పట్టుకుంది దానికి రోగం. కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే లోపల ఒత్తిడి దానంతటదే మెల్లగా పెరిగిపోయేది. అప్పుడు కొట్టిన మొదటి గుండు విసురుగా పోయి గురికి పైన తగిలేది. వెంటనే ఇంకొకటి కొడితే అది బుద్ధిగా మధ్యలో పడేది.

శనివారం శనివారం ఆయన కారులో వచ్చి నన్ను తీసుకెళ్ళేవారు. బస్సులు ఎక్కువ తిరగని ఊరు, ఆయన ఇల్లేమో ఊరి చివర. గ్యారేజీలో తాళం వేసిన బీరువాలోంచి రైఫిల్ తీసి, అక్కడి బల్ల మీదే విప్పేవారు. నేను టార్చి పట్టుకునేదాన్ని. మళ్ళీ బిగించి, బేస్‌మెంట్‌కి తెచ్చి, దాన్ని అలా వదిలేసి టీ తాగేవాళ్ళం. టీ అయ్యాక ఆయన ఒక గుండు కొట్టి రైఫిల్ దించేవారు. నేను వెళ్ళి అట్ట చూసేదాన్ని.

"ఎక్కడ?"

"పైన, అంకుల్."

"ఎంత పైన?"

"మీ కంటికి కనుబొమ ఉన్నంత పైన."

ఆయన పకపకా నవ్వేవారు. "అచ్చం నీలాంటిదేనే ఇది. మొదటి గుండు ఎప్పుడూ పైకే."

వారం మొత్తంలో నన్ను ఎవరైనా ఆటపట్టించేది ఆ ఒక్క చోటే. ఆ మాట కోసం నేను సోమవారం నుంచీ కాచుకుని కూర్చునేదాన్ని.

కూతురు ఆయన్ని తన దగ్గరికి వచ్చెయ్యమని పోరుపెడుతోంది. ఈయనదొకటే మాట. "పాడైన వస్తువు ఎవరి చేతిలోనూ పెట్టను. ఇది దారికొచ్చిన రోజు దీన్ని క్లబ్బుకిచ్చేసి, ఇల్లమ్మేసి, వెళ్ళిపోతా." అంటే అది బాగుపడిన రోజున నా శనివారాలు పోతాయి. ఒక పక్క రబ్బరు రింగులు చేతికందిస్తూనే, దేవుడా, ఇవాళ్టికి కూడా పైకే పోనీ అని లోపల అనుకునేదాన్ని.

ఆయన మార్చని భాగం లేదు. రబ్బరు రింగులు మార్చారు, ఫిల్టర్ మార్చారు, గేజ్ మార్చారు. రెగ్యులేటర్‌లో ఆ వాషర్లున్న అరను మాత్రం తెరవనిచ్చేవారు కాదు. "అది నేను సెట్ చేసింది. దాని జోలికి పోకు" అనేవారు. నేనూ పోలేదు.

ఫిబ్రవరిలో ఒక వారం నాకు జ్వరం తగిలింది. మూడు రోజులు మంచం దిగలేదు. ఆరుగురున్న ఇంట్లో ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు తలుపు తట్టలేదు. వాళ్ళనీ ఏమనలేను, నేను షిఫ్టుకి వెళ్ళాననుకుని ఉంటారు. దాహానికి నేనే లేచి, గోడలు పట్టుకుంటూ వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నాను. నేను పోయినా గిన్నె మీద పేరు చూసి ఫ్రిజ్‌లో అలాగే ఉంచేస్తారు అనిపించింది.

ఆ శనివారం అంకుల్ మళ్ళీ కొత్త రింగుల పొట్లం విప్పారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఎన్నిసార్లు మారుస్తారంకుల్ అవే రింగులు? తప్పు మీరు సెట్ చేసిన చోటే ఉంది. అది ఒప్పుకోలేక ఆ రబ్బరు ముక్కల మీద పడి ఏడుస్తున్నారు!"

అనేశాను. అయిపోయింది, ఈయన కూడా జారుకుంటాడు అనుకున్నాను. ఆయన పొట్లం మళ్ళీ మడిచి పక్కన పెట్టారు. తరవాత సిలిండర్‌లో గాలంతా వదిలేసి, గేజ్ ముల్లు సున్నా మీదికి వచ్చేదాకా ఆగి, స్పానర్ నా చేతిలో పెట్టారు.

"అయితే నువ్వే విప్పు."

విప్పాను. వాషర్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, చుట్టూ తెల్లగా కొవ్వొత్తి మైనంలా గడ్డకట్టి ఉంది. గ్యారేజీ చలికి అది రాయిలా బిగుసుకుంది. అందుకే రెగ్యులేటర్ పూర్తిగా మూసుకోక, లోపల ఒత్తిడి మెల్లగా పెరుగుతోంది. వేలితో గీకి నలిపితే, నా ఒంటి వేడికి కరిగింది. వాసన వచ్చింది. ఆ వాసన పోల్చుకోవడానికి తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇంజనీరింగ్ అక్కర్లేదు.

"దీనికేం రాశారంకుల్?"

"ఏమీ రాయలేదు. పొడిగానే బిగించా."

"ఇది కొబ్బరినూనె."

ఆయన ఆ వాషరు నా చేతిలోంచి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అలాగే స్టూలు మీద కూలబడ్డారు.

"ఓసి దీని దుంపతెగ! రాసేసిందే!"

ఆంటీ కుట్టుమిషనుకి కొబ్బరినూనె రాసేదట. తలుపు బందులకీ, సూట్‌కేసు జిప్పులకీ అదే. ఆ ఇంట్లో కిర్రుమన్నదల్లా దానితోనే నోరు మూసుకునేదట. ఆ రోజు అంకుల్ ఈ ముక్కలన్నీ వరసగా భోజనాల బల్ల మీద పరిచి, అప్పట్లో ఇంట్లో పంపు లేక, సిలిండర్‌లో గాలి పట్టించుకోవడానికి టౌన్లోకి వెళ్ళారు. వచ్చాక కళ్ళజోడు పైకి తోసుకుని, వరస ప్రకారం బిగించేశారు. పల్చటి నూనె కంటికి ఆనలేదు.

"తినే బల్ల మీద ఈ తుపాకీ సంతేమిటని వారంపాటు సాధించిందమ్మా. ఇదంటే దానికి గిట్టదనే అనుకున్నా ఇన్నాళ్ళూ. పొడిగా ఉన్నాయి పాపం అనుకుని కూర్చుని ఒక్కోటీ రాసుంటుంది. రాసి, ఆ ముక్క నోటితో చెప్పిందా?" గొంతు పెరిగింది. ముఖం ఇంట్లోకి, వంటింటి వైపు తిప్పారు. "గాలి ఒత్తిడి ఉన్నచోట నూనె పెట్టకూడదే పిచ్చిమొహమా! నిప్పంటుకుంటుందే!"

వంటింట్లో ఎవరూ లేరు. ఆయన అటే చూస్తూ ఉండిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆంటీని నేను ఫొటోలో తప్ప చూడనైనా లేదు.

"ఇలాగే ఉంచేద్దాం అంకుల్" అన్నాను. ఆయన కోసమే అన్నానా, నా కోసం కూడా అన్నానా అంటే, రెండూ.

"తప్పు తల్లీ. ప్రమాదం" అన్నారు. మెత్తటి గుడ్డ తెచ్చుకుని ఒక్కో వాషరూ తనే తుడిచారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. మళ్ళీ పేర్చి, బిగించి, పంపుతో గాలి నింపి, బేస్‌మెంట్‌లో పెట్టి వదిలేశాం. టీ తాగాం. ఖాళీ కప్పులు కింద పెట్టి ఆయన ఒక గుండు కొట్టారు. నేను వెళ్ళి అట్ట ముందు నిలబడ్డాను.

"ఎక్కడ?"

ఆ చిల్లు మీద వేలు పెట్టాను. "మధ్యలో, అంకుల్" అన్నాను.

మంచు కరిగే రోజులకి రైఫిల్ క్లబ్బుకి వెళ్ళిపోయింది. కూతురు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళింది. ఫోన్ చేస్తూ ఉండమ్మా అన్నారు. చెయ్యలేదు. చేసి ఏం చెప్పను? మా ఇద్దరి మధ్యా బాగుచెయ్యడానికి ఏమీ మిగల్లేదు. శనివారం కూడా షిఫ్టు వేయించుకున్నాను. కిటికీలో నా కొబ్బరినూనె సీసా చలికి తెల్లగా గడ్డకట్టి ఉండేది. తలకి రాసుకోబోయి, దాన్ని వేడినీళ్ళ కింద పట్టుకుని నిలబడితే ఆ గ్యారేజీ గుర్తొచ్చి, రాసుకోకుండానే మూత పెట్టేసేదాన్ని.

చివరికి ఒక శనివారం బ్రేక్‌లో, షాపు వెనక నిలబడి ఫోన్ చేశాను. ఆయన హలో అనగానే నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "ఉన్నారా, కూతురి ఇంటికెళ్ళాక మమ్మల్నందర్నీ మర్చిపోయారా?"

అవతల సన్నగా నవ్వు వినిపించింది. "మొదటిది పైకెళ్ళిందమ్మాయ్. రెండోది కొట్టు."

కార్లు ఒకదాని వెనక ఒకటి కిటికీ వైపు జరుగుతున్నాయి. నేను ఊపిరి తీసుకున్నాను.

"నాకిక్కడ ఎవరూ లేరంకుల్."

వెనకాల మనవలు ఇంగ్లీషులో ఏదో అరుచుకుంటున్నారు. ఆయన తలుపు వేసుకున్న చప్పుడైంది.

"వీళ్ళింట్లో ఒక మిక్సీ పాడై మూలన పడుంది" అన్నారు. "వచ్చే శనివారం వీడియో కాల్ పెడతా. నువ్వు చెబుతూ ఉండు, నేను విప్పుతా. కంగారేం లేదు తల్లీ, మెల్లగా విప్పుదాం."